పాత టార్చిలైటులో కొత్త దీపము

అటకమీదనో, పెట్టె అడుగుననో పడియున్న ఇత్తడి టార్చిలైటును పైకి తీసి, తుడిచి, దానిలోని చిన్న బల్బును తొలగించి, ఆ స్థానమున ఎల్.ఇ.డి. దీపమును అమర్చుట నేడు చాలమందికి వేడుకయైనది. పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనములలో కూడ ఇట్టి టార్చి అప్పుడప్పుడు బల్లమీదికి వచ్చుచుండును. ప్రక్కన ఒక అట్టముక్కపై “పాత బల్బు 10 ల్యూమెనులు, కొత్త దీపము 100 ల్యూమెనులు, పదిరెట్ల వెలుగు” అని వ్రాసి యుండును. లెక్క తప్పు కాదు. ఐనను ఆ టార్చిని చేతబట్టుకొని చీకటిలో చెరువుగట్టు మీదికి పోయిన మనుష్యుడు పదిరెట్లు దూరము చూడగలడా, పోనీ రెండురెట్లైనను చూడగలడా అన్న ప్రశ్నకు ఆ అట్టముక్కలో సమాధానము లేదు. కొన్ని సందర్భములలో అతనికి ముందుకంటె తక్కువగా కనబడును. ఇది వింతగా తోచవచ్చును గాని, కారణము హైస్కూలు భౌతికశాస్త్రమునకు మించినది కాదు.

టార్చిలైటు పుట్టుక సంగతి క్లుప్తముగా చెప్పుకొనిన చాలును. న్యూయార్కులో నివసించిన ఆంగ్లేయుడు డేవిడ్ మైసెల్ పొందిన అమెరికా పేటెంటు 1899 జనవరి 10వ తేదీది. కాగితపు గొట్టములో మూడు పొడి సెల్లులు, ఒక కొనయందు బల్బు, దాని వెనుక మోటైన ఇత్తడి ప్రతిఫలకము, ఇంతే ఆనాటి నిర్మాణము. సెల్లులు ఎక్కువసేపు ప్రవాహము నీయలేవు. కర్బనపు తీగెగల బల్బు ఆ కొంచెమును త్వరగా మ్రింగివేసెడిది. క్షణకాలము మీట నొక్కి వదలవలసి వచ్చెడిది. అమెరికాలో దీనికి ‘ఫ్లాష్ లైటు’ అన్న పేరు అట్లు వచ్చినదే. 1910 ప్రాంతమున టంగ్‌స్టెను తీగె ప్రచారములోనికి వచ్చిన పిమ్మట గాని అది నిలిచి వెలిగెడు దీపము కాలేదు.

విమర్శకు పూనుకొనుటకు ముందు పాత టార్చికి న్యాయము చేయవలెను. దానిలోని సెల్లు, బల్బు, దర్పణము ఒకదాని స్వభావము నొకటి ఎరిగి కూడినట్టివి. రెండు సెల్లుల టార్చిలకై చేయబడిన పి.ఆర్.2 అను బల్బు ఇందుకు మంచి ఉదాహరణము. దాని నిర్ణీత వోల్టేజి 2.38 వోల్టులు, ప్రవాహము అర ఆంపియరు, అనగా 1.19 వాట్లు. కాంతి సుమారు 10 ల్యూమెనులు. ఆయుర్దాయము 15 గంటలు మాత్రమే. కొత్త సెల్లులు రెండును కలిసి 3 వోల్టులు కదా, బల్బును 2.38కి ఏల చేసిరి అని చురుకైన విద్యార్థి అడుగును. అడుగవలసిన ప్రశ్నయే. తుత్తునాగము, కర్బనములతో చేసిన సాధారణపు సెల్లునకు అంతర్నిరోధము ఎక్కువ. అర ఆంపియరు ప్రవాహము లాగునప్పుడు దాని వోల్టేజి కొంత లోపలనే ఖర్చగును. ఆ నష్టమును ముందే లెక్కవేసి బల్బును చేసినారు. దానినే నేటి ఆల్కలైన్ సెల్లులతో వెలిగించినచో, వాటి అంతర్నిరోధము తక్కువ గనుక, బల్బుకొనలకు మొదట 2.8 వోల్టుల వరకు చేరవచ్చును. తీగె బల్బు కాంతి వోల్టేజి యొక్క 3.4వ ఘాతము ననుసరించి పెరుగును. ఆయుర్దాయము 12వ ఘాతము ననుసరించి తరుగును. గుణించి చూచినచో కాంతి 1.7 రెట్లగును, ఆయుర్దాయము 15 గంటలనుండి రెండు గంటలకు పడిపోవును. “పాత బల్బులు ఊరక మాడిపోవుచున్నవి” అని విసుగుకొని ఎల్.ఇ.డి. వైపు తిరిగిన వారిలో పలువురు ఈ లెక్క చూడనివారే.

ఇంకొక సంగతి. మసక వెలుగునకు బల్బే కారణమని తేల్చుటకు ముందు మీటను పరీక్షింపవలెను. ఏండ్ల తరబడి వాడని టార్చిలో జారుడు మీటక్రింది ఇత్తడి రేకు నల్లబడి యుండును. అచట అర ఓము నిరోధ మేర్పడినను, అర ఆంపియరు ప్రవాహమునకు పావు వోల్టు నష్టము. వోల్టేజిలో ఇది పదవ వంతే. కాంతిలో నూటికి ముప్పది వంతులు. గరుకుకాగితముతో ఆ రేకును రెండు నిమిషములు రుద్దిన, కొత్త దీపము కొనకయే పోయిన వెలుగు తిరిగి వచ్చును.

ఇక కొత్త దీపము సంగతి. కంటికి కనబడు ఎర్రని కాంతి నిచ్చు డయోడును 1962లో నిక్ హోలోన్యాక్ చేసి చూపెను. నీలికాంతి మాత్రము చాలకాలము లొంగలేదు. 1990వ దశాబ్ది ఆరంభమునాటికి అకసాకి, అమానో, నకమురా అను జపాను శాస్త్రజ్ఞులు దానిని సాధించిరి. అందులకే వారికి 2014లో నోబెల్ బహుమానము లభించినది. నీలి డయోడుపై పసుపు కాంతినిచ్చు ఫాస్ఫరు పూసి, రెండు కాంతులను కలిపి తెల్లని వెలుగు పుట్టించు దీపములు 1996లో నిచియా సంస్థనుండి విపణిలోనికి వచ్చినవి. పి.ఆర్.2 బల్బు వాటుకు ఎనిమిది ల్యూమెనులు చొప్పున ఇచ్చుచుండగా, నేటి మంచి ఎల్.ఇ.డి. నూరు ల్యూమెనులకు పైగా నిచ్చుచున్నది. ఆయుర్దాయము వేల గంటలు. క్రిందపడినను తెగుటకు తీగె లేదు. ఈ గుణములను కాదనుట మూర్ఖత్వము. ఇచట విమర్శకు పాత్రమైనది డయోడు కాదు. దానిని పాత గూటిలో కూర్చోబెట్టు తీరు.

దర్పణమునుండి ఆరంభింపవలెను, ఏలయన మార్పుచేయువారు అందరికంటె తక్కువ గౌరవము చూపునది దానికే. నోటి వ్యాసము 50 మిల్లీమీటర్లు, లోతు 30 మిల్లీమీటర్లు గల పరావలయ దర్పణము నొకదానిని తీసికొనవచ్చును. వ్యాసార్ధపు వర్గమును లోతునకు నాలుగు రెట్లచే భాగించిన నాభ్యంతరము వచ్చును. అనగా 625ను 120చే భాగింపగా 5.2 మిల్లీమీటర్లు. నాభి ఇంత లోపల, దర్పణపు గుంటలో, ఉన్నదన్న మాట. నాభినుండి చూచినచో దర్పణపు అంచు అక్షముతో ఇంచుమించు 45 డిగ్రీల కోణము చేయును. బల్బు తీగె అన్ని దిక్కులకును కాంతిని చిమ్మును. అందులో ఈ 45 డిగ్రీల శంకువుగుండ దర్పణమునకు తగులక నేరుగా బయటికి పోవునది నూటికి 15 వంతులే. తక్కిన 85 వంతులు, బల్బు పీఠము అడ్డగించు కొంత తప్ప, దర్పణముపై బడి సమాంతర కిరణములుగా ముందుకు పోవును. ఇంత లోతైన దర్పణమును చేయుటలోని ఉద్దేశము ఇదియే.

ఎల్.ఇ.డి. చదునైన బిళ్ల. అది ముందువైపునకు మాత్రమే కాంతిని విరజిమ్మును. నడుమ ఎక్కువగాను, ప్రక్కలకు పోనుపోను తక్కువగాను. దానిని అదే నాభియందు ముందుకు తిరిగియుండునట్లు పెట్టినచో, 45 డిగ్రీల శంకువులో పోవు భాగము సైన్ 45 డిగ్రీల వర్గము, అనగా సరిగా సగము. ఆ సగము దర్పణపు ముఖము చూడకయే చెదరిపోవును. మిగిలిన సగమే దూరమునకు పోవు కిరణపుంజము. కనుక కొత్త దీపపు 100లో 50, పాత బల్బు 10లో 8.5 చొప్పున పోల్చవలెను. పదిరెట్లన్నది ఆరురెట్లైనది. పుంజము వెడల్పు రెండింటికిని ఒకటే యనుకొన్నను, కాంతి దూరపు వర్గమునకు విలోమముగా తగ్గును గనుక, కనబడు దూరము ఆరు యొక్క వర్గమూలము, అనగా రెండున్నర రెట్లకు తక్కువ. ఇదియును చెప్పుకోదగిన లాభమే. కాని ఇదంతయు దీపము నాభిలోనే ఉన్నప్పటి మాట.

బజారులో దొరకు బిగింపు దీపములు పాత బల్బు పీఠములో సరిగా పట్టును. ఆ ఒక్క సౌకర్యమే వాటిని అమ్మించుచున్నది. వాటిలోని బిళ్ల మాత్రము పాత తీగె ఉన్నచోటనే ఉండవలెనన్న నియమము పెక్కింటియందు పాటింపబడలేదు. మూడు మిల్లీమీటర్లు ముందుకు జరిగినదనుకొన్నచో ఏమగునో చూడదగును. మూడు మిల్లీమీటర్లు వినుటకు స్వల్పము; 5.2 మిల్లీమీటర్ల నాభ్యంతరము ముందు అది సగముకంటె ఎక్కువ. దర్పణపు అంచునుండి వచ్చు కిరణములు అక్షమునుండి సుమారు నాలుగు డిగ్రీలు తొలగిపోవును. లోపలి భాగమునుండి వచ్చునవి పదమూడు డిగ్రీల వరకు తొలగును. నాలుగుకంటె తక్కువ తొలగినది ఒక్కటియు లేదు. కాబట్టి నూరు మీటర్ల దూరమున ప్రతిఫలించిన కాంతి యంతయు నడుమనుండి ఆరేడు మీటర్ల కావల వలయముగా పడును. నడుమ గుండ్రని చీకటి. అచటికి చేరునది దర్పణమును తాకక నేరుగా పోయిన కాంతి మాత్రమే; 100 ల్యూమెనులకు దాని తీవ్రత అక్షదిశలో 32 కాండెలాలు. పాత బల్బునకు దర్పణములో పోవు నష్టములు తీసివేసి ఆరు ల్యూమెనులు మాత్రమే మూడు డిగ్రీల అర్ధకోణముగల పుంజములో మిగిలినవనుకొన్నను, ఆ సన్నని శంకువు 0.0086 స్టెరేడియనులే గనుక, తీవ్రత 700 కాండెలాలకు దగ్గరగా నుండును. పది ల్యూమెనుల బల్బు 700. నూరు ల్యూమెనుల దీపము 32. గట్టుమీది మనుష్యునికి తక్కువగా కనబడుటలోని రహస్య మిదియే. పాదములచుట్టు పగలువలె నుండును, ఎదుట ఏమియు తెలియదు. పైగా కాళ్లవద్ది తెల్లని వెలుగునకు కంటిపాప ముడుచుకొని, దూరపు చీకటి ఇంకను చిక్కబడును.

చిన్న గాజుముత్యములవంటి డయోడులను అయిదారింటిని గుత్తిగా కూర్చిన దీపములు కూడ కలవు. వాటిలో ప్రతిదానికి తన కటకము తనకే యున్నది. దర్పణముతో పనియే లేదు. అట్టిది పెట్టిన టార్చిలో వెనుకనున్న వెండిపూత దర్పణము కేవలము అలంకారము.

ఈ దోషమునకు విరుగుడు కష్టము కాదు. తలను త్రిప్పినచో దర్పణము ముందువెనుకలకు జరుగు టార్చిలలో మచ్చ బిగువుగా కనబడు వరకు త్రిప్పిన చాలును. జరుగని వాటిలో దర్పణపు అంచుక్రింద తగిన మందము గల రబ్బరు వలయము పెట్టి దానినే ముందుకు తేవచ్చును. ప్రదర్శనమునకు తెచ్చు విద్యార్థిచేత ఉపాధ్యాయులు ఈ పని చేయించి, అంతకుముందు, ఆ తరువాత కొలిపించినచో, అట్టముక్కమీది పదిరెట్ల లెక్కకంటె అది పెద్ద పాఠమగును. కొలుచుటకు ఖరీదైన పరికరము అక్కరలేదు. తెల్లకాగితము నడుమ నూనెచుక్క వేసి, ఒకవైపునుండి పది మీటర్ల దూరములో టార్చిని, రెండవవైపునుండి తెలిసిన దీపమును వెలిగించి, ఆ దీపమును జరుపుచు మచ్చ మాయమగు స్థానమును గుర్తించిన చాలును. పాత బల్బు వెలుగు పసుపు, కొత్తదాని వెలుగు నీలిచాయ గనుక మచ్చ పూర్తిగా మాయము కాదు. అతి తక్కువగా కనబడు చోటును గుర్తించి, మూడుసార్లు కొలిచి సగటు తీయవలెను. వెలుగుచున్న ఎల్.ఇ.డి. ముఖములోనికి మాత్రము చూడరాదు.

విద్యుత్తు విషయములో వేరొక పొరపాటు జరుగుచున్నది. తెల్లని ఎల్.ఇ.డి.కి సుమారు 3 వోల్టులు కావలెను. ప్రవాహమును అదుపులో నుంచు సాధనము కూడ కావలెను. మూడు సెల్లుల టార్చిలో దీనిని 5 ఓముల నిరోధముతో సరిపెట్టుదురు. కొత్త సెల్లుల 4.5 వోల్టులలో మిగులు వోల్టున్నర నిరోధముపై పడి 0.3 ఆంపియరు పారును; ఇచ్చిన శక్తిలో మూడవ వంతు నిరోధమును వేడిచేయుటకే పోవును. సెల్లు ఒక్కొక్కటి 1.1 వోల్టునకు దిగినప్పుడు మొత్తము 3.3, డయోడు వోల్టేజి మారదనుకొనిన ప్రవాహము 0.06 ఆంపియరు. నిజమునకు డయోడు వోల్టేజియు కొంత దిగును గనుక కొంచె మెక్కువ పారును. ఏమైనను వెలుగు మూడవ వంతునకో, అంతకు తక్కువకో వచ్చును. రెండు సెల్లుల టార్చిలో ఈ ఉపాయము పనికిరాదు. అచట వోల్టేజిని పెంచు చిన్న వలయము వేయవలెను. ఒక్క ట్రాన్సిస్టరు, ఒక ఫెర్రైటు ఉంగరముపై చుట్టిన రెండు తీగెచుట్లు, ఒక నిరోధము - వీటితోనే బడిపిల్లలు కూడ చేయగల వలయ మొకటి ‘జూల్ థీఫ్’ అను చమత్కారపు పేరుతో ప్రసిద్ధమైనది. చచ్చినదని పారవేసిన సెల్లునుండి కూడ అది మిగిలిన జూళ్లను దొంగిలించును. ప్రదర్శనమునకు అది శోభించును గాని, దాని వెలుగు స్వల్పము.

మంచి నియంత్రణ వలయము వెలుగును చివరి వరకు ఒకే తీరుగా నిలుపును. వ్యాపారప్రకటనలలో దీనిని గొప్పగా చెప్పుదురు. అది నిజముగా గొప్పయేనా? దీపమునకు ఒక వాటు ఇచ్చు వలయము, నూటికి 85 వంతుల సామర్థ్యముతో, 3 వోల్టులవద్ద 0.39 ఆంపియరు తీసికొనును. సెల్లులు అలసి 2 వోల్టులకు వచ్చినప్పుడు 0.59 ఆంపియరు లాగును. అలసినదానిపై ఇంకను బరువు మోపును. అందుచే చివర వెలుగు హఠాత్తుగా పడిపోవును. పాత తీగె బల్బు అట్లు కాదు. వోల్టేజి అయిదవ వంతు తగ్గగానే కాంతి సగముకంటె తక్కువై, తెలుపు పోయి పసుపు, పసుపు పోయి ఎరుపు తిరుగును. “ఇక ఇంటికి మరలుము” అని ముందుగా చెప్పును. రాత్రివేళ పొలము కాపలాకు పోవు రైతునకు, పాముల భయముగల త్రోవన నడచువారికి, ఈ హెచ్చరిక చిన్న విషయము కాదు. సెల్లులు క్షీణించుచున్నవని తెలుపుటకు కాంతిని మెట్లుమెట్లుగా తగ్గించు వలయములు కలవు. కొనువారు అట్టివానినే అడిగి తీసికొనవలెను.

వేడి విషయము కూడ ఇట్టిదే. తీగె బల్బు తన వేడిలో హెచ్చు భాగమును పరారుణ కిరణములుగా వెలుగుతోపాటే బయటికి పంపివేయును. ఎల్.ఇ.డి. వెలుగులో వేడి లేదు. అందుచే “చల్లని దీపము” అని అందురు. కాని ఒక వాటు తీసికొను డయోడులో దాదాపు మూడింట రెండు వంతులు వేడియగును, అది వెనుకవైపునుండి లోహముగుండ మాత్రమే పోవలెను. బిగింపు దీపము కూర్చుండు పాత గూడు చాల టార్చిలలో ఎబొనైటు లేక ప్లాస్టిక్కుది. వేడికి త్రోవ లేదు. డయోడు వేడెక్కినకొలది వెలుగు తగ్గును, ఆయుర్దాయము క్షీణించును. పెట్టెపై అచ్చువేసిన ల్యూమెనులు చాలచోట్ల మొదటి నిమిషపు ల్యూమెనులే. రెంటచింతల వేసవిలో ఆ నిమిషమును సందేహమే. ఇత్తడి టార్చి గొట్టము మంచి ఉష్ణవాహకము. రాగిబిళ్లను తలలో బిగువుగా పట్టునట్లు తరిగి, దానిపై డయోడు పలకను ఉష్ణవాహకపు లేపనముతో అంటించినచో, గొట్టమంతయు చేతివరకు వేడిని పంచుకొనును. వేడి చేతికి తగులుట ఇచట మంచి లక్షణము.

కాని రాగిబిళ్ల వేయవలెనన్న దర్పణమును కోయవలసి వచ్చును, నిజమైన చిక్కు ఇచటనే యున్నది. డయోడును భరించు నక్షత్రాకారపు అల్యూమినియము పలక వ్యాసము సాధారణముగా 20 మిల్లీమీటర్లు. దర్పణము అడుగున బల్బు దూరు రంధ్రము అందులో సగము. పై ఉదాహరణలోని దర్పణమును నాభితలమువద్ద అడ్డముగా కోసినచో ఏర్పడు రంధ్రము నాభ్యంతరమునకు నాలుగు రెట్లు, అనగా 21 మిల్లీమీటర్లు. పలక చక్కగా పట్టును, డయోడు సరిగా నాభికి వచ్చును. కోసివేసిన అడుగుభాగమునకు ఎట్లును ఎల్.ఇ.డి. కాంతి తగులదు గనుక నష్టము లేదు. కాంతిశాస్త్రము దృష్టితో ఇంతకంటె ముచ్చటైన పరిష్కారము లేదు. కాని ఆ దర్పణములో పాత బల్బు మరల ఎన్నడును సరిగా వెలుగదు.

లక్షలుగా తయారై ఇంటింట నున్న రేకు టార్చిని కోసినందుకు ఎవరును విచారింపనక్కరలేదు. అది పనిముట్టు, పని చేయవలెను. స్వాతంత్ర్యమునకు పూర్వపు ఇత్తడి టార్చి, రైలు ఉద్యోగి వాడిన రంగుటద్దాల టార్చి, తయారీదారుని ముద్ర చెడని టార్చి మాట వేరు. అట్టిదానిలో చేయు ప్రతి మార్పును తిరిగి తీసివేయుటకు వీలై యుండవలెను. అసలు దర్పణమును భద్రపరచి, ఆ కొలతకే వేరొక దర్పణమునో, ప్లాస్టిక్కు కటకమునో అమర్చవచ్చును. వెండిపూత నల్లబడినది గదా యని చింతపండుతోనో, బూడిదతోనో తోమరాదు. ఆ పూత మందము వెంట్రుకలో ఎన్నవ వంతో. రెండు తోములకు ఇత్తడి బయటపడును. ఇత్తడి ప్రతిఫలకము ఎట్లుండునో 1899 నాటివారికి బాగుగా తెలియును.

లిథియము సెల్లులను పాత గొట్టములో దించు సాహసము ఇటీవల హెచ్చినది. 18650 అను రకము 18 మిల్లీమీటర్ల వ్యాసము, 65 మిల్లీమీటర్ల పొడవు గలది; పాత పెద్ద సెల్లు 33 మిల్లీమీటర్ల లావు. నడుమ ఖాళీని ప్లాస్టిక్కు గొట్టపు ముక్కతో పూరింతురు. అది కదలి, పాత స్ప్రింగు సెల్లుపొరను చీల్చి ఇత్తడికి తగిలినచో కలుగునది మామూలు షార్టు సర్క్యూటు కాదు, మంటయే. మూతలు బిగువైన గొట్టములో పీడనము పోవుటకు దారి యుండదు. రక్షణవలయము లేని లిథియము సెల్లును విద్యార్థుల చేతికి ఇచ్చుట ఏ విధముగను తగదు.

పొడి సెల్లులతోనే తృప్తిపడువారికి మరియొక చిక్కు. పొదుపైన దీపము గనుక సెల్లులు నెలల తరబడి గొట్టములోనే ఉండిపోవును. సాధారణపు సెల్లులో తుత్తునాగపు డబ్బాయే ఋణధ్రువము. వాడుకలో అది తరుగుచునే యుండును. చివర చిల్లుపడి లోని లవణరసము స్రవించును. ఆల్కలైన్ సెల్లునుండి కారునది పొటాసియము క్షారము. రెండును ఇత్తడికి శత్రువులే. పాత బల్బు సెల్లులను త్వరగా తినివేయుటచే వాటిని తరచు మార్చవలసి వచ్చెడిది, గొట్టము బ్రతికెడిది. కొత్త దీపము పెట్టినవారు నెలకొకసారి అడుగు మూత విప్పి చూడవలెను. పలు పాత టార్చిలలో ఆ మూత లోపల, స్ప్రింగు నడుమ, అదనపు బల్బును దాచుకొనుటకు ఒక చిన్న గూడు కూడ కనబడును. తీసివేసిన తీగె బల్బును దూదిలో చుట్టి అందులో పెట్టుటకు అది సరిగా సరిపోవును.